సెట్‌టాప్ బాక్స్‌లో సబ్‌టైటిల్స్ రావట్లేదు, ఫిర్యాదు ఎవరికి చేయాలి?

మేం విశాఖ గాజువాకలో ఉంటాం. మా నాన్నగారికి 78 ఏళ్లు, రెండు చెవులూ సరిగా వినపడవు. మెషిన్ పెట్టుకున్నా టీవీ మాటలు అర్థం కావట్లేదు. గత నెల కేబుల్ వాళ్లు బాక్స్ మార్చారు. మెనూలో సబ్‌టైటిల్ 'ఆన్' చేశాను, భాష తెలుగు, తర్వాత ఇంగ్లిష్ పెట్టి చూశాను. ఫ్యాక్టరీ రీసెట్ కూడా అయింది. తెలుగు వార్తలు, సీరియల్స్, ఏ ఛానల్లోనూ తెర మీద ఒక్క అక్షరం రాలేదు. టీవీలో ఉన్న సీసీ (క్లోజ్డ్ క్యాప్షన్, అంటే మాటల్ని తెర మీద అక్షరాల్లో చూపేది) ఆప్షన్, బాక్స్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే పనిచేయదు, అది తెలుసు.

కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశా. ఛానల్ పంపితేనే వస్తుందంటారు. అది నిజమే కావచ్చు, కానీ ఏ ఛానల్ పంపుతుందో మాత్రం చెప్పరు!

2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో క్లోజ్డ్ క్యాప్షనింగ్ ప్రస్తావన ఉంది. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం టీవీ కార్యక్రమాల ప్రమాణాలను కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2019లో ఇచ్చింది. కేబుల్ సంస్థకి ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్ ఉండాలని ట్రాయ్ (టెలికాం, కేబుల్ టీవీ నియంత్రణ సంస్థ) నిబంధన.

ఇలాంటి ఫిర్యాదు చేసినవాళ్లు చెప్పండి: ముందు కేబుల్ నోడల్ ఆఫీసర్‌కి రాయాలా, ఛానల్‌కా, లేక రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కా?