జాలర్ల ఊలు స్వెటర్లు: మీకెందుకు నచ్చాయి, ఎలా వాడుతున్నారు?

గాల్వే_గోదావరి:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నాలుగేళ్లుగా ఐర్లండ్‌లోని గాల్వేలో ఉంటున్నాం. పోయిన నెల రోసవీల్ రేవులో ఫెర్రీ ఎక్కి ఇనిష్‌మోర్ వెళ్ళాం. అరన్ దీవులు మూడింటిలో పెద్దది అదే. చెట్టు నీడ కరువు, ఎటు చూసినా రాళ్ళు పేర్చిన గోడలు, మనిషిని నిలబడనివ్వని గాలి. నేను వేసుకెళ్ళిన జాకెట్ ఆ గాలిని ఆపలేకపోయింది. ఒక చిన్న కొట్లో మీగడ రంగు ఊలు స్వెటర్ కొని అక్కడే తొడుక్కున్నాను. ఐదు నిమిషాల్లో ఒళ్ళు వెచ్చబడింది. ఛాతీ మీద జడల్లా మెలికలు, పక్కన తేనెపట్టు గళ్ళు, వాటికి అటూ ఇటూ డైమండ్ ఆకారాలు. ఇంటికొచ్చాక కూడా వేళ్ళతో తడిమి చూసుకుంటున్నాను.

కొట్లో ఒక మాట చెప్పారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదట. సముద్రంలో పోయిన మనిషి ఎన్నాళ్ళకో ఒడ్డుకు కొట్టుకొస్తే, ముఖం ఆనవాలు పట్టలేకపోయినా స్వెటర్ అల్లికను బట్టి ఏ ఇంటివాడో చెప్పేవారట. విని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది నిజమేనా? ఇలాంటివి వాడుతున్నవాళ్ళు, అల్లేవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి. ఉతకడం, దాచడం గురించి కూడా.

ఉత్తర_సముద్రం:
అక్కా, నేను స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఉంటాను, ఆఫ్‌షోర్ పని. ఈ కథ నాకూ చెప్పారు, నేనూ నమ్మాను. తరవాత చదివితే వేరే సంగతి తెలిసింది. జాన్ మిల్లింగ్టన్ సింజ్ అనే ఐరిష్ రచయిత అరన్ దీవుల్లో ఉండి వచ్చి ఒక నాటకం రాశాడు, 1904లో ప్రదర్శించారు. అందులో మునిగిపోయిన తోడబుట్టినవాణ్ణి అక్కచెల్లెళ్ళు గుర్తుపడతారు. స్వెటర్‌ని చూసి కాదు, మేజోడు చూసి. అందులో నాలుగు కుట్లు జారాయని అల్లిన పిల్లకి గుర్తుంటుంది. అంటే ఇంటి అల్లిక కాదు, తన చేతి పొరపాటు. నన్నడిగితే కొట్లో చెప్పే కథకంటే ఇదే ఎక్కువ గుండెను పట్టుకుంటుంది.

కుటుంబానికో డిజైన్ అన్నది తరవాత అమ్మకాల కోసం పెరిగిన కథ. ఆ తెల్ల స్వెటర్ కూడా మనం అనుకునేంత పాతది కాదు, 20వ శతాబ్దం మొదట్లో రూపు దిద్దుకున్నది. 1891లో ఏర్పడిన కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ పడమటి తీరంలోని పేద ఊళ్ళలో చేపల వేటను, చేతిపనులను ప్రోత్సహించింది. బయటి తీరాల జాలర్లు, వాళ్ళ ఆడవాళ్ళు వేసుకునే స్వెటర్లను దీవుల వాళ్ళు చూశారు. చూసినదాన్ని తమ చేతికి తగ్గట్టు మార్చుకున్నారు. 1930లలో మ్యూరియల్ గహన్ అనే ఆవిడ డబ్లిన్‌లోని తన కంట్రీ షాప్‌లో వాటిని అమ్మకానికి పెట్టింది. 1936లో హైంజ్ ఎడ్గార్ కీవే అనే ఊలు వ్యాపారి డబ్లిన్‌లో ఒకటి కొని, ఈ మెలికలు ప్రాచీన మతగ్రంథాల బొమ్మల్లోంచి వచ్చాయని ప్రచారం చేశాడు. దానికి ఆధారం లేదు. 1961లో క్లాన్సీ బ్రదర్స్ అనే ఐరిష్ పాటల బృందం అమెరికా టీవీలో ఎడ్ సల్లివాన్ షోలో ఇవే వేసుకుని పాడాక గిరాకీ ఎక్కడికో వెళ్ళిపోయింది.

గాల్వే_గోదావరి:
చదివి కాసేపు బాధేసింది తమ్ముడూ. కానీ మేజోడు సంగతి చెప్పి మంచి పని చేశావు. జారిన నాలుగు కుట్లు గుర్తుండటం అన్నది మనసులోంచి పోవడం లేదు.

ఊలుబంతి:
నేను లీడ్స్‌లో ఉంటాను, పుట్టింది హైదరాబాద్ మారేడుపల్లిలో. సీదా, ఉల్టా, అంటే అల్లికలో మొదట నేర్చుకునే రెండు కుట్లు, అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. అరన్ స్వెటర్ అందమైనదే, కాదనను. కానీ జాలర్ల పని బట్ట అంటే ఇంగ్లండ్, స్కాట్లండ్ తీరాల గాన్సీ గురించి చెప్పుకోవాలి. గర్న్‌జీ అనే దీవి పేరు నుంచి వచ్చిన మాట అది. ముదురు నీలం రంగు, ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది. వదులుగా ఉంటే వలలో, తాళ్ళలో చిక్కుకుంటుంది కదా.

ఒకటి పూర్తి చేయడానికి నాకు ఏడు నెలలు పట్టింది. గట్టిగా పేనిన ఐదు పోగుల ఊలు, రెండుంబావు మిల్లీమీటర్ల సూదులు. రెండు వైపులా మొన ఉన్న పొడవాటి సూదులు ఐదు పట్టుకుని గుండ్రంగా అల్లుకుంటూ పోవాలి. ఒంటికి పక్క కుట్టు అనేదే ఉండదు. అల్లిక ఎంత బిగువుగా వస్తుందంటే గాలి లోపలికి దూరదు, చినుకు పైనుంచి జారిపోతుంది. నా చూపుడు వేలు కాయ కాసింది.

అల్లుతుంటేనే అర్థమైంది, ఎంత ఆలోచించి కట్టిన బట్టో. ముందు, వెనక ఒకేలా ఉంటాయి. ముందువైపు మురికై అరిగితే తిప్పి తొడుక్కుంటారు. చంక దగ్గర డైమండ్ ఆకారంలో చిన్న ముక్క అల్లుతారు, చెయ్యి పైకెత్తి వల లాగినా నడుం దగ్గర పైకి లేవదు. నాకు అన్నిటికంటే నచ్చింది చేతులు. భుజం దగ్గర కుట్లు ఎత్తుకుని మణికట్టు వైపు కిందికి అల్లుకుంటూ వస్తారు. ముందుగా అరిగేది మణికట్టు కదా. ఆ భాగం వరకు విప్పేసి కొత్త ఊలుతో మళ్ళీ అల్లేస్తారు. మొత్తం స్వెటర్ పారేయక్కర్లేదు. అంచు పైన వేసుకునేవాడి పేరు పొడి అక్షరాలు కూడా కొందరు అల్లేవారు. మనిషి ఆనవాలు కావాలంటే అదీ అసలైన ఆనవాలు.

ఉత్తర_సముద్రం:
అక్షరాల సంగతి నేనూ చూశాను అక్కా. ఆన్‌స్ట్రదర్‌లో స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియం ఉంది, ఇటు వచ్చేవాళ్ళు తప్పకుండా చూడండి. అక్కడే హెర్రింగ్ అమ్మాయిల గురించి తెలిసింది. హెర్రింగ్ చేపల గుంపులు వేట కాలంలో ఉత్తరం నుంచి దక్షిణానికి కదులుతాయి. పడవలు వాటి వెంట, ఈ అమ్మాయిలు పడవల వెంట. ఉత్తరాన షెట్లండ్‌లో మొదలై ఇంగ్లండ్ తూర్పు తీరంలోని గ్రేట్ యార్మత్, లోస్టాఫ్ట్ దాకా. ముగ్గురు ఒక జట్టు, ఇద్దరు చేప కడుపు చీల్చి శుభ్రం చేస్తే ఒకరు ఉప్పుతో పీపాల్లో సర్దేవారు. కత్తి తగలకుండా, ఉప్పు మంట పుట్టకుండా వేళ్ళకి గుడ్డ పీలికలు చుట్టుకునేవారు. ఆ చేతులతోనే ఖాళీ దొరికితే అల్లిక. నడుస్తూ కూడా అల్లేవారు. ఒక రేవులో చూసిన డిజైన్ మరో రేవుకి చేరేది అలాగే. గాన్సీల్లో ఒక్కో ఊరికి ఒక్కో డిజైన్ అని కూడా అంటారు, ఇక అలా విడిగా ఉండిపోవడం ఎలా కుదురుతుంది చెప్పండి?

ఇందూరు_పిల్ల:
ఊలుబంతి గారూ, గర్న్‌జీ అనగానే ఉలిక్కిపడ్డాను. మాది నిజామాబాద్ జిల్లా, మహారాష్ట్ర సరిహద్దు. మా నానమ్మ బనీనుని గంజిఫ్రాక్ అనేది. మరాఠీలో, కన్నడంలో ఇప్పటికీ ఆ మాట ఉంది. గర్న్‌జీ ఫ్రాక్ అన్నదే అలా మారిందట. బెంగాలీ వాళ్ళ గెంజీ కూడా అదే. చలి సముద్రం మీద జాలరి తొడుక్కున్న ఊలు చొక్కా పేరు, మా ఇంట్లో ఎండాకాలం తాతయ్య ఒంటి మీది నూలు బనీనుకి చేరింది. నానమ్మ ఉంటే ఈ మాట చెప్పేదాన్ని.

ఊలుబంతి:
ఇన్నేళ్ళుగా అల్లుతున్నాను, నాకు తెలియదమ్మా. చాలా సంతోషం.

డబ్లిన్_స్టూడెంట్:
నాది వేరే అనుభవం. పర్యాటకుల వీధిలో ఒకటి కొన్నాను, మెడ దగ్గర ఒకటే దురద. పైగా అది చేత్తో అల్లింది కాదని తరవాత తెలిసింది. ఇంతకీ ఎలా గుర్తుపట్టాలి?

ఊలుబంతి:
తిరగేసి పక్కలు చూడండి. మిషన్ మీద అల్లినదైతే ముందు భాగం, వెనక భాగం విడివిడిగా తీసి జోడించిన కుట్టు సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది. అరన్ స్వెటర్లు చేత్తో అల్లినా విడి భాగాలుగా అల్లి కలుపుతారు కాబట్టి కుట్టు ఒక్కటే చూసి తేల్చకూడదు. మెలికలు ఎంత లోతుగా, ఉబ్బుగా ఉన్నాయో చూడాలి. చేతి పనిలో ఊలు ఎక్కువ పడుతుంది, బరువు తెలుస్తుంది. చీటీ మీద హ్యాండ్ లూమ్డ్ అని ఉంటే చేత్తో నడిపే అల్లిక మిషన్ మీద చేశారని అర్థం. సూదులతో అల్లారనుకుని చాలామంది పొరబడతారు.

దురద ఊలు పోగు మందాన్ని బట్టి ఉంటుంది. పోగు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే చర్మానికి గుచ్చుకుంటుంది. మెరినో జాతి గొర్రె ఊలు 20 అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మెత్తన. ఐర్లండ్ కొండ గొర్రెల ఊలు గరుకు, అందుకే ఇప్పుడు అమ్మే అరన్ స్వెటర్లలో చాలావరకు బయటి నుంచి తెప్పించిన మెరినోనే. గరుకు ఊలు నాకిష్టం, ఎక్కువ కాలం నిలుస్తుంది. లోపల కాలర్ ఉన్న నూలు చొక్కా వేసుకోండి, దురద ఉండదు.

పాలమూరు_పచ్చిక:
గరుకు ఊలు అంటే మాకు గొంగడే. మా తాత గొర్లు కాసేవాడు. దక్కనీ గొర్రె ఊలు, నల్లటిది, రంగు వెయ్యరు. వడికి, పట్టీలుగా నేసి జోడించి, చింతగింజల గంజి పెడతారు. వానలో తల మీదుగా కప్పుకుని గట్టున కూర్చుంటే లోపల వెచ్చగా ఉండేది, నన్ను కూడా లోపలికి లాక్కునేవాడు. అల్లిక కాదు, నేత, సముద్రం కాదు, మెట్ట. అయినా ఈ చర్చ చదువుతుంటే ఆ తడి ఊలు వాసనే వచ్చింది. తడిసినా చలి పుట్టకపోవడం దేని వల్ల?

ఊలుబంతి:
ఊలు తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా పట్టుకుంటే తడిగా తోచదు. పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా పుడుతుంది. పోగు వంకీలు తిరిగి ఉంటుంది కాబట్టి మధ్యలో గాలి నిలుస్తుంది, చలిని ఆపేది అదే. గొర్రె ఒంటి జిడ్డు, లానొలిన్ అంటారు, పూర్తిగా కడిగేయకుండా ఉంచితే నీరు కూడా జారుతుంది. మీ తాతగారి గొంగడి ఇంకా ఉందా? ఉంటే జాగ్రత్త చేయండి.

నర్సాపురం_లేసు:
అందరూ బట్ట గురించి రాశారు, నేను చేతుల గురించి రాస్తాను. మా అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ క్రోషా లేసు అల్లినవాళ్ళే. మా గోదావరి వైపు ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పినది. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లినదాన్ని లెక్కగట్టి తీసుకెళ్తాడు. వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక అరుగు మీద కూర్చుని అల్లేవారు. కళ్ళు లాగేవి. అది పని కాదన్నట్టే చూసేవారు అందరూ, ఖాళీగా కూర్చోకుండా చేసుకునేది అన్నట్టు.

ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరం, పోల్‌పెర్రో వైపు ఆడవాళ్ళు కూడా వ్యాపారుల కోసం ఇలాగే కూలికి అల్లేవారని చదివాను. అక్కడ వాటిని నిట్-ఫ్రాక్ అనేవారు. అందుకే ఎవరైనా ప్రేమతో అల్లిన స్వెటర్ అంటే నాకు మనసు ఒప్పుకోదు. మొగుడికి, కొడుక్కి అల్లినది ప్రేమే. మిగతావన్నీ బియ్యం, పప్పు కోసం. గాల్వే అక్కా, మీరు ఎక్కువ ఖరీదు పెట్టి కొన్నానని బాధపడకండి, అందులో అల్లినావిడకి ఎంత చేరిందో కనుక్కోండి. నేను ఎక్కడ చేతిపని కొన్నా అడిగే మొదటి ప్రశ్న అదే.

గాల్వే_గోదావరి:
ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు తల్లీ. అడుగుతాను.

కార్క్_కాకినాడ:
ఉతకడం గురించి ఎవరూ చెప్పలేదు. దయచేసి మిషన్‌లో వెయ్యకండి. మా అత్తగారు చలికి ఇబ్బంది పడతారని కొన్న మంచి స్వెటర్‌ని వేడి నీళ్ళ సైకిల్‌లో వేశాను. బయటికి తీసేసరికి దళసరి కంబళి ముక్కలా బిగిసిపోయి మా ఆరేళ్ళ పాపకి సరిపోయే సైజుకి వచ్చింది. వేడి, రాపిడి కలిస్తే పోగుల మీది పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోతాయట, ఇక విడదీయలేం. ఆ రోజు ఏడుపొచ్చింది.

ఇప్పుడు చేసేది ఇది. బకెట్‌లో చల్లటి నీళ్ళు, ఊలు సబ్బు, పావుగంట నానబెట్టడం. రుద్దను, పిండను. తువ్వాలులో చుట్టి నీరు ఒత్తేసి, నీడలో నేల మీద పరిచి ఆరబెడతాను. దండెం మీద వేస్తే నీటి బరువుకి సాగిపోతుంది. అసలు తరచుగా ఉతకక్కర్లేదు, గాలికి పెడితే వాసన పోతుంది.

మారేడుపల్లి_మాధవీలత:
హైదరాబాద్ తెచ్చుకున్నవాళ్ళకి పురుగు పెద్ద టెన్షన్. పురుగుకి చెమట, తిండి మరకలంటే ఇష్టం కాబట్టి శుభ్రం చేశాకే దాచండి. నేను పాత నూలు చీరలో చుట్టి, మూత బిగువుగా ఉన్న ట్రంకు పెట్టెలో పెడతాను. కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి మూలకి వేస్తాను, ఊలుకి తగలనివ్వను. రెండు నెలలకోసారి తీసి ఎండ చూపించి దులుపుతాను. పదకొండేళ్ళయింది, ఒక్క చిల్లు లేదు. ఇక్కడ వేసుకునేది జనవరిలో రెండు వారాలే.

గాల్వే_గోదావరి:
అందరికీ థాంక్స్. నా స్వెటర్ తిరగేసి చూశాను. పక్క కుట్టు సన్నగా, ఒకే తీరుగా ఉంది, మిషన్ మీద అల్లిందే. కొట్టుకి ఫోన్ చేసి అడిగితే వాళ్ళూ అదే చెప్పారు. అల్లేవాళ్ళు తక్కువైపోయారని, చేతితో అల్లినవి విడిగా పెట్టి ఎక్కువ ధరకి అమ్ముతామని అన్నారు. అల్లినావిడకి ఎంత ఇస్తారంటే సూటిగా జవాబు రాలేదు.

మా పక్కింటి పెద్దావిడతో ఈ మాటలన్నీ చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి వాళ్ళమ్మ అల్లిన స్వెటర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఎంత బరువో! ఒక చేతి మణికట్టు పట్టీ మిగతా ఊలుకంటే ఒక ఛాయ తెల్లగా ఉంది. వాళ్ళ నాన్న పనిలో అరగదీసుకుంటే అమ్మ విప్పి మళ్ళీ అల్లిందట. ఆ చోటే ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయాను. సోమవారాలు సాయంత్రం వస్తే నేర్పిస్తానంది. నిన్న మొదటి పట్టీ మొదలుపెట్టాను, 44 కుట్లు ఎక్కించి రెండు సీదా, రెండు ఉల్టా. ఊలుబంతి అక్కా, అంచు వదులుగా, గంటలా విచ్చుకుంటోంది. ఏం చేయాలి?

ఊలుబంతి:
కుట్లు ఎక్కించేటప్పుడు చెయ్యి వదులైంది. పట్టీ వరకు ఒక సైజు చిన్న సూది తీసుకో. ఎన్ని వరసలైనా సరే విప్పేసి మళ్ళీ మొదలుపెట్టు, ఊలుకి ఏమీ కాదు. పది వరసలయ్యాక ఫోటో పెట్టు.