ఆగ్రహపుష్పమా, ఆగ్రహపు పూతా?

ఎర్రసిరా:
మా గ్రంథాలయంలో వచ్చే నెల ఒక సాయంత్రం నల్లజాతి కవిత్వానికి కేటాయించాం. వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయంలో నడుస్తున్న ‘ఫ్యూరియస్ ఫ్లవర్’ కవిత్వ కేంద్రానికి అభినందనగా. ఆ పేరు అమెరికా నల్లజాతి కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ ‘ది సెకండ్ సెర్మన్ ఆన్ ది వార్ప్‌ల్యాండ్’ కవితలోని “ది టైమ్ క్రాక్స్ ఇంటూ ఫ్యూరియస్ ఫ్లవర్. లిఫ్ట్స్ ఇట్స్ ఫేస్ ఆల్ అనషేమ్డ్” అన్న పాదంలోంచి తీసుకున్నదే కాబట్టి, ఆ పాదాన్ని తెలుగులో గోడమీద రాయిద్దామన్నది ఆలోచన. ఎప్పుడో ఏదో పత్రికలో చదివిన అనువాదం సగమే గుర్తొస్తోంది. “కాలం పగిలి ఆగ్రహ...” ఆ తరువాత పుష్పమా, పూతా? “సిగ్గులేని ముఖమెత్తి” అని కూడా ఉన్నట్టుంది. ఎవరికైనా పూర్తిగా జ్ఞాపకం ఉందా?

మధ్యాక్కర:
ఆ అనువాదం నా కంట పడలేదు. పుష్పం అని ఉంటే మాత్రం అనువాదకుడు పాదాన్ని సరిగా చదవలేదు. ఇంగ్లీషులో అక్కడ ‘ఫ్లవర్’ ముందు ‘ఎ’ లేదు. ఒక పువ్వు సంగతి కాదది, పూతకు రావడం. అదే కవిత మొదటి భాగంలో సుడిగాలి హోరులోనే పూయమని చెబుతుంది. నాలుగో భాగానికి వచ్చేసరికి కాలమే పూతకొచ్చింది. కాబట్టి పూతే.

రేపల్లె రైలు:
పూత అంటే మీకు మామిడితోట గుర్తొస్తుందేమో, సగం మందికి సున్నప్పూత గుర్తొస్తుంది. “ఆగ్రహపు పూత” అని గోడమీదే రాస్తే ఏ కంపెనీ రంగని అడుగుతారు. పైగా ‘పు’ వెంటనే ‘పూ’. పైకి చదవండి, నాలుక తట్టుకుంటుంది.

మధ్యాక్కర:
తట్టుకోవాలి కదండీ! మూలంలో రెండు ‘ఫ’లు పక్కపక్కన ఉన్నాయి. ‘పు-పూ’ ఆ పని చేస్తుంటే వద్దంటారేం?

అచ్చుతప్పు:
మీరిద్దరూ పువ్వు దగ్గరే ఆగిపోయారు. అసలు తగాదా ‘ఫ్యూరియస్’తో. అది కోపమే కానక్కరలేదు. వరద వస్తే ఉద్ధృతి అంటాం, నది కోపంగా ఉందనం. “కాలం ఉద్ధృతంగా పూసింది.” ఎర్రసిరా గారు, “సిగ్గులేని ముఖం” మాత్రం దయచేసి వద్దు. అది తెలుగులో తిట్టు. బ్రూక్స్ చెప్పింది సిగ్గుపడని ముఖం, రవంతైనా సిగ్గుపడనిది.

ఎర్రసిరా:
తిట్టు సంగతి ఒప్పుకున్నట్టే. మరి ముఖమెత్తింది ఎవరు? కాలమా, పువ్వా?

అచ్చుతప్పు:
ఇంగ్లీషు వాక్యంలో కర్త కాలమే. ఆ తరువాతి వాక్యాల్లో కర్తను మళ్ళీ చెప్పలేదు, నేరుగా క్రియతోనే మొదలుపెట్టింది. తెలుగుకు ఇది అలవాటైన పనే. మనమూ చెప్పకుండా వదిలేస్తే చదివేవాళ్ళే తేల్చుకుంటారు.

రేపల్లె రైలు:
ఉద్ధృతి మంచి మాటే కానీ, 1968లో వచ్చిన పుస్తకంలోంచి కోపాన్ని తీసేయడం నాకు మింగుడు పడదు. 1967లో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన నల్లజాతి రచయితల సభలో యువకవులను విన్నాకే కదా ఆమె మలుపు తిరిగింది. అప్పటికే 1950లో పులిట్జర్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆమే. అయినా హార్పర్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థను వదిలి, డెట్రాయిట్‌లో డడ్లీ రాండల్ నడిపే చిన్న బ్రాడ్‌సైడ్ ప్రెస్‌కు తన పుస్తకాలు ఇచ్చింది. ఉద్ధృతి అంటూ ఆ తెగింపును వాతావరణ సూచనగా మార్చకండి.

పడుగు:
ఆలస్యంగా వచ్చాను. కవిత పేరులో ఉన్న ‘వార్ప్‌ల్యాండ్’ను ఎవరూ ముట్టుకోలేదే? వంకరపోయిన నేల అంటారు, వింటే ‘వార్ ప్లాన్డ్’, అంటే ‘యుద్ధానికి పథకం వేశారు’ అన్నట్టూ ధ్వనిస్తుందంటారు. కానీ వార్ప్ అంటే పడుగు కూడా. మగ్గం మీద బిగించి ఉన్న పడుగు నేల, దానిలోకి జనం పేకలా వచ్చిపడుతున్నారు. చీరాలలో పెరిగినవాడికి ఇంకో అర్థం తోచదు.

రేపల్లె రైలు:
పడుగు గారికి ఏ కవిత ఇచ్చినా మగ్గం మీదికి ఎక్కిస్తారు. పోయినసారి వేమనను కూడా నేశారు.

అచ్చుతప్పు:
కేంద్రం సంగతి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి రెండు ముక్కలు. 1994లో అక్కడి ఆచార్యురాలు జోఆన్ గాబిన్, బ్రూక్స్ గౌరవార్థం పెట్టిన సభతో మొదలైంది, 1999లో కేంద్రం ఏర్పడింది. నల్లజాతి కవిత్వానికే అంకితమైన విద్యాకేంద్రం అమెరికాలో అదే మొదటిది. ఆ పెద్ద సభ 2004, 2014, 2024లో మళ్ళీ జరిగింది. పుష్కరానికి రెండేళ్ళు తక్కువ. మనం ‘రూట్స్’ నవలకు సహవాసి అనువాదం ‘ఏడుతరాలు’ చదివి కుంటా కింటేను ఇంటి మనిషిని చేసుకున్నాం, కానీ అక్కడి కవులకు మన ఇళ్ళల్లో ఆ చనువు దొరకలేదు. ఎర్రసిరా గారి సాయంత్రానికి నా ఓటు అందుకే.

మధ్యాక్కర:
చనువు మాట వచ్చింది కాబట్టి. బ్రూక్స్ బిలియర్డ్స్ కుర్రాళ్ళ చిన్న కవిత ‘వుయ్ రియల్ కూల్’లో ఆఖరిది తప్ప ప్రతి పాదం చివరా ‘వుయ్’ వేలాడుతుంది. అక్కడ ‘మేం’ అనాలి, ‘మనం’ అంటే కుర్రాళ్ళు మనల్నీ బల్ల దగ్గరికి లాగినట్టే. ఇంగ్లీషులో ఒకే మాట, మనకు రెండు. తరువాత అమెరికన్ కవి టెరెన్స్ హేస్ ఆ కవితలోని మాటలన్నీ వరుసగా తన పాదాల చివర పెట్టి ‘గోల్డెన్ షవల్’ అనే కొత్త రూపం తెచ్చాడు. అంటే దత్తపదే.

రేపల్లె రైలు:
దత్తపది ఎలా అవుతుంది? అవధానంలో ఇచ్చిన నాలుగు మాటలూ పద్యంలో ఎక్కడైనా పొదగవచ్చు. ఇక్కడ పాదాంతమే కావాలి, వరుస తప్పకూడదు. సమస్యాపూరణానికి కాస్త దగ్గర, అదీ పూర్తిగా కాదు.

పడుగు:
పృచ్ఛకుడు షరతు పెడితే పాదాంతమే అవుతుంది. ఇంత పట్టుపడుతున్నారు కాబట్టి ఇస్తున్నాను: కాలం, పగిలి, పూత, ముఖం. నాలుగూ పాదాంతాల్లోనే, ఇదే వరుసలో. మధ్యాక్కర గారు, ఛందస్సు మీ ఇష్టం.

ఎర్రసిరా:
అయ్యా, నాకు కావలసింది ఒక్క పాదం.

మధ్యాక్కర:
పద్యం చెబుతాను, కానీ ‘పగిలి’ ఇవ్వకండి. పగిలేది కుండ. మొగ్గ విచ్చుతుంది. ‘విచ్చి’ ఇస్తే ఈ రాత్రికే చెబుతాను.

రేపల్లె రైలు:
ఇంగ్లీషులో ఉన్నది ‘క్రాక్స్’. చప్పుడు వినిపించాలి. విచ్చి అంటే ఆ కోపం ఎక్కడికి పోయింది?

మధ్యాక్కర:
అయితే పత్తికాయ పగలడం చూడలేదా మీరు? ఉండండి, అది నా వాదానికే అడ్డొస్తోంది. ‘పిగిలి’ అంటే ఏమంటారు?