1997 ఏప్రిల్‌కు ముందే మళ్లీ అమెరికా వెళ్లినవారికి శాశ్వత నిషేధం పడుతుందా?

హనుమకొండ పెద్దాయన ఒకరి కేసులో తెలిసినవాళ్ల సాయం కావాలండి. ఆయన్ని అమెరికా 1995లో దేశం నుంచి పంపేసింది (డిపోర్ట్ చేసింది). 1996 డిసెంబర్‌లో దొంగదారిన మళ్లీ వెళ్లారు. ఏళ్ల తర్వాత పట్టుకొని, పాత డిపోర్టేషన్ ఆర్డర్‌నే తిరిగి అమలు చేసి పంపారు. అది చెల్లుతుందని 2006లో ఫెర్నాండెజ్-వర్గాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, దానిమీద వాదన లేదు.

చిక్కు వేరే ఉంది. భార్య వేసిన ఐ-130 (కుటుంబ సభ్యుడి కోసం వేసే అర్జీ) ఆమోదమైంది, కానీ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూలో అమెరికా వలస చట్టం సెక్షన్ 212(ఎ)(9)(సి) కింద శాశ్వత నిషేధం రాశారు. ఆ సెక్షన్ 1997 ఏప్రిల్ 1 నుంచి దొంగదారిన వెళ్లినవాళ్లకే కదా! అది పడితే పదేళ్లు బయట ఉన్నాకే ఐ-212 (మళ్లీ రావడానికి అనుమతి కోరే దరఖాస్తు) వేయాలి, పడకపోతే ఇప్పుడే వేయొచ్చు. అక్కడ భార్యాపిల్లలు ఎదురుచూస్తున్నారు, పదేళ్లంటే మాటలు కాదు.

పాస్‌పోర్టులో ముద్ర ఉండదు కాబట్టి తేదీ రుజువే కష్టం. ఏ-ఫైల్ (అమెరికా వలస శాఖ దగ్గర ఆయన పేరు మీదున్న ఫైల్) కోసం ఎఫ్ఓఐఏ (అక్కడి సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు పెట్టాం, పట్టుకున్నప్పుడు అధికారులు రాసే ఐ-213 నివేదికలో ఆయన అప్పుడు చెప్పిన తేదీ దొరకొచ్చు. దానికి తోడు 1997 జనవరి-మార్చి జీతం చీటీలు, అద్దె రసీదులు సరిపోతాయా, సాక్షుల అఫిడవిట్లు కూడా కావాలా? ఇవన్నీ ముందు కాన్సులేట్‌కు పంపాలా, నేరుగా లీగల్‌నెట్‌కు (వీసా చట్ట ప్రశ్నలకు అమెరికా విదేశాంగ శాఖ ఈమెయిల్) రాయొచ్చా? ఇలాంటి నిషేధం తీయించినవాళ్లుంటే, ఏ కాగితం పనిచేసిందో దయచేసి చెప్పండి.