.32 బోరు (గొట్టం లోపలి కొలత, అంగుళాల్లో) తుపాకీ లైసెన్స్: రివాల్వరా, పిస్టలా? సైలెన్సర్ పెట్టుకోవచ్చా?

మిర్చియార్డు: మా బాబాయి గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి. సీజన్లో రాత్రిళ్లు క్యాష్‌తో ఇంటికి రావాలి, బెదిరింపు ఫోన్లు కూడా వచ్చాయి, అందుకే లైసెన్స్‌కి అప్లై చేద్దామంటున్నాడు. ఏది కొనాలి? సినిమాల్లోలా సైలెన్సర్ బిగించుకోవచ్చా?

పటమట: సైలెన్సర్ మాట మర్చిపో తమ్ముడూ. 2016 ఆయుధ నిబంధనల్లో మోత తగ్గించే సామాను నిషిద్ధ జాబితాలో ఉంది, దొరికితే లైసెన్స్ సంగతి దేవుడెరుగు, ముందు కేసు. అయినా అది పెడితే శబ్దమే రాదనుకోవడం భ్రమ, 160 డెసిబెల్స్ మోత 130 దగ్గరికి దిగుతుందంతే. ఇక రివాల్వర్‌కైతే తూటాలుండే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ (గొట్టానికీ) మధ్య సందులోంచే గ్యాస్ తన్నుకొస్తుంది కాబట్టి బిగించినా దండగ.

బ్రాడీపేట: 9 ఎంఎం మామూలు జనానికి ఇవ్వరు, పిస్టలైనా రివాల్వరైనా .32 చూసుకోవాలి. బాబాయిగారికి రివాల్వరే నయం. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతది వస్తుంది. పిస్టలైతే చెమట పట్టిన చేత్తో, ఆ టెన్షన్‌లో స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగాలి. సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ కూడా కావాలి.

పటమట: అన్నట్టు ఎన్నికలొస్తే స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు, ఇది ముందు ఎవరూ చెప్పరు. అసలు ఆ క్యాషేంటి, ఆర్‌టీజీఎస్ చేయమనొచ్చుగా!