మెడ డిస్కు తీసి పూసలు బిగించే ఆపరేషన్: నొప్పి లేనప్పుడు కూడా అవసరమా?

ప్రశ్న (పరకాల నుంచి)

అందరికీ నమస్కారం. మా బాపుకు 56 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్టులో హమాలీగా ఇరవై ఏళ్లకు పైగా మిరప బస్తాలు మోశారు. ఏడాది కిందట మెడ నుంచి కుడిచేతి బొటనవేలి దాకా గుంజినట్టు నొప్పి వచ్చింది. మందులు వాడితే తగ్గిపోయింది కాబట్టి మేము ఆ సంగతే మరచిపోయాము. రెండు నెలలుగా మాత్రం వేరే ఇబ్బంది మొదలైంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే అమ్మే పెడుతున్నది. మొన్న వాకిట్లో చెప్పు జారిపోయిన సంగతి కూడా తెలియక, ఒక కాలి చెప్పుతోనే ఇంట్లోకి వచ్చి నిలబడ్డారు. ఎమ్మారై తీయిస్తే ఐదవ, ఆరవ మెడ పూసల మధ్య డిస్కు వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కుతున్నదని తేలింది. గొంతు ముందు వైపు నుంచి కోసి, డిస్కు తీసేసి, రెండు పూసలను కలిపి బిగించాలని, ఆలస్యం చేయవద్దని న్యూరోసర్జన్ చెప్పారు. నొప్పే లేనప్పుడు మెడ మీద కత్తి ఎందుకని, కాళ్లూ చేతులూ పడిపోతాయని చుట్టాలు భయపెడుతున్నారు. మిర్చి సీజన్ దాటాక చూద్దామని బాపు అంటున్నారు. ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (ఫిజియోథెరపిస్టు, కరీంనగర్)

తమ్ముడూ, నొప్పి తగ్గింది కదా అని ధైర్యపడవద్దు. చేతికి వెళ్లే నరం ఒక్కటే నలిగితే నొప్పి, తిమ్మిరి వస్తాయి, వాటిలో చాలావరకు కొన్ని వారాల మందులతో, వ్యాయామంతో ఆపరేషన్ లేకుండానే తగ్గుతాయి. అలాంటివారిని నేనే ఆగమని చెబుతాను. వెన్నుపామే నలిగితే నొప్పి ఉండవలసిన పని లేదు. వేళ్ల పనితనం పోవడం, నడక తూలడం, ఆ తరువాత మూత్రం ఆపుకోలేకపోవడం దాని గుర్తులు. బాపును గుప్పిట మూసి తెరవమనండి. మామూలు మనిషి 10 సెకన్లలో 20 సార్లు చేయగలడు. అంతకన్నా బాగా తగ్గితే ఆ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పండి.

ఇంకొక మాట. ఆపరేషన్ అయ్యేదాకా ఎవరినీ మెడ పట్టనివ్వకండి. క్షవరం అయ్యాక మెడను ఒక్కసారిగా తిప్పి చిటుక్కుమనిపించే అలవాటు మన దగ్గర ఉన్నది, వెన్నుపాము నలిగిన మనిషికి అది చాలా ప్రమాదం. బండి వెనుక కూర్చోబెట్టుకొని గుంతల రోడ్డు మీద తిప్పవద్దు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

నాకు ఇదే ఆపరేషన్ 2019లో, అదే రెండు పూసలకు జరిగింది. ముందు వైపు నుంచి కోస్తారనగానే నాకూ గుండె జారింది. ఈ పద్ధతిని రాబిన్సన్, స్మిత్ అనే అమెరికన్ సర్జన్లు 1955లోనే ప్రచురించారని, శ్వాసనాళాన్ని, అన్నవాహికను పక్కకు జరిపితే పెద్ద కండరాలను కోయకుండానే పూసల దాకా దారి దొరుకుతుందని డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించాకనే కుదుటపడ్డాను. డిస్కు తీసిన ఖాళీలో ఎముక ముక్కలు నింపిన చిన్న పంజరంలాంటిది పెట్టి, ముందు టైటానియం పట్టీతో, మరలతో బిగించారు. మెడ ముడతలోనే కోశారు కనుక ఇప్పుడు గాటు వెతికితే తప్ప కనిపించదు.

మరునాడే నడిపించారు. అసలు కష్టం గొంతుదే. రెండు వారాలు అన్నం ముద్ద దిగేది కాదు, జావ, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టేవారు. గొంతు నెల రోజులు బొంగురుగా ఉన్నది, ఫోనులో మా అమ్మాయే నన్ను గుర్తుపట్టలేదు. స్వరానికి వెళ్లే నరం ఆ దారిలోనే ఉంటుంది కాబట్టి ఇలా జరుగుతుందని, చాలామందికి దానంతటదే సర్దుకుంటుందని, కొద్దిమందికి మిగిలిపోవచ్చని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. వెన్నుపాముకు గాయం, చీము పట్టడం వంటివి అరుదే అయినా ఉన్నాయి, వాటిని దాచకుండా అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ తరువాత మెడ వాచి ఊపిరి ఆడకపోతే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే నర్సును పిలవాలి.

తల తిప్పలేరేమోనని దిగులు వద్దు. తల పక్కకు తిరగడంలో దాదాపు సగం పై రెండు పూసల మధ్యనే జరుగుతుంది. బాపుకు బీడీ అలవాటు ఉంటే మాత్రం ఈ రోజే మాన్పించండి, పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలే అతకదు.

ప్రశ్నించిన వ్యక్తి

సార్, అన్నా, ఇద్దరికీ దండాలు. గుప్పిట పరీక్ష చేయించాము, 11 దగ్గరే ఆగిపోయారు. బీడీ కట్ట అమ్మ దాచిపెట్టింది. బాపు ఒక్కటే అడుగుతున్నారు: గుండీలు మళ్లీ పెట్టుకోగలనా, బస్తా మోయగలనా? ఖర్చు సంగతి కూడా చెప్పండి.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

గుండీల విషయంలో మాట ఇవ్వలేను. ఈ ఆపరేషన్ ముఖ్యంగా ఇంకా చెడకుండా ఆపడానికి, ఎంత తిరిగి వస్తుందన్నది ఎంత కాలంగా నలిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు నెలలే అయింది కనుక సీజన్ కోసం ఆగవద్దంటున్నాను. నా వేళ్లకు ఆరు నెలల్లో చాలావరకు పట్టు వచ్చింది, చిటికెన వేలు పక్కన మాత్రం ఇప్పటికీ మొద్దుబారినట్టే ఉంటుంది.

బస్తా ఇక నెత్తికి ఎత్తకూడదు. బిగించిన పూసలు కదలవు కాబట్టి పైన, కింద ఉన్న డిస్కుల మీద భారం పెరుగుతుంది. కాంటా దగ్గర లెక్క రాసే పని దొరుకుతుందేమో మేస్త్రీని ఇప్పుడే అడిగి ఉంచండి. ఖర్చుకు ముందుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, ఆ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో వారే చూసి చెబుతారు. రేషన్ కార్డు, ఆధార్, ఎమ్మారై ఫిల్ములు వెంట తీసుకెళ్లండి.