గొట్టం పురుగా, గూటి ఎర్రా?

అందరికీ నమస్తే. హనుమకొండలో పిల్లలకు జీవశాస్త్రం చెప్త. సముద్రంలో గొట్టం లాంటి ఇంట్లో బతికే ట్యూబ్‌వార్మ్‌ను ఒక గైడులో 'గొట్టపు పురుగు' అని రాసిన్రు. నాకు మింగుడు పడలే. పురుగంటే మా పిల్లలకు పత్తికాయలో గులాబి పురుగే యాదికొస్తది. ఇదేమో ఒళ్లంతా ఉంగరాలున్న జీవి, వానపాముకు చుట్టం. వానపామును మా ఊళ్లె ఎర్ర అంటం, గాలానికి గుచ్చేది అదే. అందుకే 'గూటి ఎర్ర' అంటే ఎట్లుంటది? గొట్టం అంటే ఎవరో చేసిచ్చిన వస్తువు అనిపిస్తది. ఇది తన ఇల్లు తనే కట్టుకుంటది. ఐరోపా తీరాల్లో సాబెల్లారియా అనే రకం ఉంది, పొడవు 3–4 సెంటీమీటర్లే. అల లేపిన ఇసుకను సన్నని మీసాలతో పట్టి, నోటి దగ్గర ఒక్కొక్క రేణువు ఏరి, ఒంట్లో ఊరే ప్రోటీన్ జిగురుతో అతికిస్తది. అల లేనిచోట ఇసుక లేవదు, ఇల్లూ లేవదు.

— అక్కా, మాది చెన్నూరు. మా దిక్కు దసలి పట్టుగూడును కాయ అంటరు. పట్టుపురుగు అండ్ల కొన్నాళ్లే ఉండి, రెక్కలొచ్చి తొలుచుకొని పోతది. బతుకంతా లోపలే ఉండేదానికి గూడు అనొచ్చా?

— అనొచ్చు తమ్ముడూ. సాలీడు తన గూట్లనే బతుకుతది గదా. సముద్రం వెనక్కి పోయినప్పుడు ఈ ఎర్ర లోపలికి ముడుచుకొని తలమీది మూతతో ద్వారం మూసుకుంటది. పోటు రాంగనే మీసాలు చాపి, నీళ్లల్ల తేలే సూక్ష్మజీవులను పట్టి తింటది. నాకు తెగనిది వేరే ఉంది: వేల గూళ్లు ఒకదానికొకటి అతుక్కొని తేనెపట్టు లెక్క గట్టు కడతయి. ఫ్రాన్స్‌లో మోన్ సాన్ మిషెల్ అఖాతంలో ఉన్నది ఐరోపాలోకెల్లా పెద్దది. ఆ గట్టును ఏమనాలె?

— మేడం, పుట్ట అనండి. చెదలు కూడా మట్టిని ఉమ్మితో కలిపే కడతయి. ఖాళీ గూళ్లల్ల పీతలు చేరితే, 'చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైనట్టు' అన్న మాట అక్కడా నిలుస్తది.

— పుట్ట! ఇంత దగ్గరి మాట నాకెందుకు తట్టలేదో. పీతలే కాదు సార్, ఆల్చిప్పలు, నాచు, చిన్న చిన్న జీవులెన్నో ఆ సందుల్లో ఉంటయి. ఇంకో రకం ఇసుక ముట్టదు, సున్నంతోనే గూడు పోసుకుంటది. ఇక 1977లో గాలపాగోస్ దీవుల దగ్గర దాదాపు 2,500 మీటర్ల లోతున వేడినీటి ఊటల పక్కన కనిపించిన రిఫ్టియా అనే రకానికి నోరూ లేదు, పేగూ లేదు. ఒంట్లో ఉన్న బ్యాక్టీరియానే దానికి తిండి వండిపెడతయి. దాని కుచ్చు మన నెత్తురు లెక్కనే హిమోగ్లోబిన్‌తో ఎర్రగుంటది. ఎర్ర అన్న పేరు దానికైతే రెండు తీర్ల కుదిరింది.