ఫ్యాక్ట్ చెక్ సైట్లతో పుకార్లు ఆగుతున్నాయా?

కోళ్లఫారం శ్రీను: 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో మెసేజ్ తిరిగింది. అది అబద్ధమని ఫ్యాక్ట్ చెక్ సైట్లు రాశాయి. హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిన్నారు. అయినా కొనేవాడు లేడు. నావి కంపెనీ కోళ్లు కావు, సొంతవి. 4,000 కోళ్ల బ్యాచ్‌కి మేత డబ్బులు కూడా రాలేదు. ఆ సైట్లు ఎవరికి పనికొచ్చినట్టు?

విజయ ఖమ్మం: శ్రీను గారూ, మీ నష్టం చిన్నది కాదు. కానీ 2018 గుర్తు చేసుకోండి. బైక్ మీద వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకెళ్లే వీడియో ఊరూరా తిరిగింది. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. పిల్లాణ్ణి తిరిగి దింపేసే చివరి భాగం కోసేసి పంపారు. ఎవరో కూర్చుని వెతక్కపోతే మనకు ఇది తెలిసేదే కాదు.

శ్రీను: ఆ సంగతి జూన్‌లోనే వార్తల్లో వచ్చింది. జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడలో పిల్లల దొంగలనుకుని అయిదుగురిని కొట్టి చంపారు. తెలిసి ఏం లాభం?

రమణ: సైట్లన్నీ ఇంగ్లీషులోనే కదా.

విజయ ఖమ్మం: ఫ్యాక్ట్‌లీ అనే ఫ్యాక్ట్ చెక్ సైటు హైదరాబాద్‌దే. తెలుగులోనూ రాస్తారు.

రమణ: మా అమ్మ ఆ పేరే వినలేదు. అక్కడ తెలుగు ఉందని ఆమెకు ఎవరు చెప్తారు?

నెట్ కిరణ్: వాట్సాప్ 2018 జులైలో ఫార్వర్డ్‌ను అయిదు చాట్లకు తగ్గించింది. 2020 ఏప్రిల్‌లో, బాగా తిరిగిన మెసేజ్‌ను ఒక్క చాట్‌కే అంది. సైట్ల కన్నా అదే మేలు.

విజయ ఖమ్మం: అదే 2018లో గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు. జానపద కళాకారులతో పాటలు పాడించారు. జనం విన్నారు.

శ్రీను: నేననేదీ అదే! విన్నది మనిషి మాట, లింకు కాదు.

విజయ ఖమ్మం: ఏది అబద్ధమో తేల్చకుండా ఆ కానిస్టేబుల్ ఊళ్లో ఏం చెప్తాడు? మీ నష్టం తప్ప మీకింకేదీ కనపడటం లేదు. మీ ఇంటి గ్రూపులో ఆ చికెన్ మెసేజ్ వచ్చినప్పుడు మీరేం చేశారు?

శ్రీను: పెట్టింది మా బావే. నా షెడ్డులో కోళ్లున్నాయని తెలిసీ పెట్టాడు. కింద ఫ్యాక్ట్ చెక్ లింకు పెట్టాను. "నాకే పాఠాలు చెప్తావా" అని గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆ ఏడు దసరాకి అక్కని పంపలేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరికి మేలు జరిగింది?

విజయ ఖమ్మం: అందరి ముందు ఎందుకు పెట్టారండీ? ఫోన్ చేసి చెప్పాల్సింది. వెల్లుల్లి నీళ్లతో కరోనా పోతుందని మా నాన్న పెడితే నేను విడిగా చూపించాను. ఆయనే తీసేశారు.

శ్రీను: అబద్ధం అందరి ముందూ పెట్టొచ్చు, నిజం మాత్రం చాటుగా చెప్పాలా?

విజయ ఖమ్మం: ఆయన మారాలంటే అంతే. మీరు ఆయన్ని మార్చాలనుకున్నారా, నలుగురిలో తప్పని చూపించాలనుకున్నారా?

శ్రీను: మా బావ ఒక్కడూ మారితే నా కోళ్లు అమ్ముడుపోతాయా? ఆ గ్రూపులో ముప్పై మంది ఉన్నారు. వాళ్లూ చదివారు, ఇంకో గ్రూపుకి పంపారు. వాళ్లందరికీ ఎవరు ఫోన్ చేస్తారు?